ఆవకాయ ఆర్డర్లు ఎందుకు లేటయ్యాయో చెప్తాను

అందరికీ నమస్తే అండీ. ఏప్రిల్‌లో ఆవకాయకి అడ్వాన్స్ కట్టిన వాళ్లలో చాలామందికి ఇంకా పార్సిల్ అందలేదు. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ "వచ్చే వారం అండీ" అంటున్నాం, ఆ వచ్చే వారం రావట్లేదు. కాయ దొరక్క కాదు, నూజివీడు నుంచి మంచి కాయే దిగింది. తెనాలిలో పచ్చళ్లు పెట్టే షెడ్డు సీజన్ మధ్యలో ఖాళీ చేయాల్సి వచ్చింది, జాడీలన్నీ విజయవాడకి మోసుకొచ్చాం, కొత్త చోట నీళ్ల కనెక్షన్ వచ్చేసరికే పది రోజులు పోయాయి.

ఆ షెడ్డు మా బాబాయిది. "ఆస్తి గొడవలంట" అని బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందని తెలుసు, మన వైపు అన్నదమ్ముల కుటుంబాలు విడిపోతే ఇంకో కారణం ఎవరికీ తోచదు కదా. ఆస్తి కాదండీ. మా చెల్లికి ఏడెనిమిదేళ్లప్పుడు ఆయన చేసిన పనులు కిందటేడు దానికి గుర్తొచ్చాయి. ఇది పెట్టే ముందు చెల్లి మొత్తం చదివింది, రెండు వాక్యాలు తీసేయమంది, మిగతాది ఉంచమంది.

గుర్తు రావడం అంటే సినిమాలోలా ఒక్కసారిగా ఏమీ కాదు. ఆ మేడ మీద గదికి వెళ్లడమంటే భయమని దానికి ఎప్పుడూ తెలుసు, ఎందుకో తెలీదు. వేసవి సెలవులకి దాని కూతుర్ని షెడ్డు దగ్గర ఉంచుకుందాం, నాకు తోడుగా ఉంటుంది అని నేనన్న రోజు రాత్రి వాంతులు మొదలయ్యాయి. తర్వాత కొన్ని నెలల పాటు ముక్కలు ముక్కలుగా వచ్చింది, గోనెసంచుల వాసన, తలుపు గడియ, ఆయన అన్న మాటలు. కౌన్సెలింగ్‌కి వెళ్లింది ఇవన్నీ వచ్చాకే. ఈ వరస ఎందుకు చెప్తున్నానంటే "ఆ కౌన్సెలింగ్ అమ్మాయే నూరిపోసింది" అని మా మేనత్త ఊరంతా చెప్తోంది కాబట్టి.

పెదనాన్న అందర్నీ కూర్చోబెట్టి అడిగింది ఒకటే, ఇన్నేళ్లు గుర్తులేనిది ఇప్పుడెలా గుర్తొచ్చింది అని. అమెరికాలో ఉండే మా కజిన్ ఒకడు దానికి తోడు ఫాల్స్ మెమరీ, అంటే జరగనిది జరిగినట్టు గుర్తుండటం గురించి ఒక పెద్ద వ్యాసం పంపాడు. చదివాను, కొట్టిపారేసే విషయం కాదు. 1990లలో అక్కడ ఇదో పెద్ద యుద్ధంలా నడిచింది. ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజిస్టు 24 మందికి, చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారు అని జరగనిది జరిగినట్టు ఇంట్లోవాళ్లు చెప్పినట్టుగా రాసిస్తే, పావు వంతు మంది ఎంతో కొంత నిజమేనని నమ్మారు. 1994లో కాలిఫోర్నియాలో గ్యారీ రమోనా అనే ఆయన, కూతురి మనసులో లేని జ్ఞాపకాలు పెట్టారని థెరపిస్టుల మీద కేసు వేసి 5 లక్షల డాలర్లు గెలిచాడు. హిప్నాటిజం చేసి, మందులిచ్చి, పదే పదే అడిగి రాబట్టిన జ్ఞాపకాల వల్ల ఏ తప్పూ చేయని తండ్రుల సంసారాలూ కూలిపోయాయి. ఇది నిజం.

కానీ కజిన్ పంపని సగం కూడా ఉంది. ఫాల్స్ మెమరీ సిండ్రోమ్ ఫౌండేషన్ అని 1992లో ఫిలడెల్ఫియాలో పెట్టింది, కూతురు తండ్రి మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసిన ఒక తల్లిదండ్రులే. ఆ కూతురు జెన్నిఫర్ ఫ్రైడ్ కూడా సైకాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన మనిషే, తిండి పెట్టి చూసుకునే మనిషే హింసిస్తే పిల్లలు బతకడం కోసం దాన్ని తెలియకుండానే పక్కకు నెట్టేస్తారు అని ఆమె సిద్ధాంతం. ఆ సంస్థ 2019 చివర్లో మూతపడింది. లిండా విలియమ్స్ అనే పరిశోధకురాలు, చిన్నప్పుడు లైంగిక దాడి జరిగి ఆస్పత్రి రికార్డుల్లోకి ఎక్కిన 129 మంది ఆడవాళ్లని పెద్దయ్యాక కలిసి మాట్లాడితే 38 శాతం మంది ఆ సంఘటన ఊసే ఎత్తలేదు. బ్రౌన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాస్ చీట్‌కి అయితే చిన్నప్పుడు తనకి జరిగింది పెద్దయ్యాక 1992లో గుర్తొచ్చింది, ఆ మనిషిని వెతికించి ఫోన్ చేస్తే అవతలివాడు ఒప్పుకున్నాడు, కాల్ రికార్డ్ కూడా ఉంది. అంటే ఆలస్యంగా వచ్చిన జ్ఞాపకం కాబట్టి నిజమేనని అనలేం, అబద్ధమని కూడా అనలేం.

అయినా నేను జడ్జిని కాదు కదండీ. ఒకర్ని జైలుకి పంపాలంటే కావాల్సిన రుజువు వేరు, నా చెల్లెలి కూతురు ఎవరింట్లో సెలవులు గడపాలో, నా జాడీలు ఎవరి కప్పు కింద పెట్టుకోవాలో తేల్చుకోవడానికి కావాల్సింది వేరు. రెండోదానికి నా దగ్గర ఉన్నది చాలు. నేను చెల్లిని నమ్ముతున్నాను.

అమ్మ నమ్ముతుందో లేదో ఇప్పటికీ చెప్పలేను. నాన్న పోయాక చెల్లి పెళ్లి చేసింది బాబాయే, ఆ మాట రోజుకోసారి గుర్తుచేస్తుంది, మళ్లీ తనే రాత్రిళ్లు చెల్లి పక్కన పడుకుంటోంది. అందరికంటే ఎక్కువ నలిగింది మాత్రం బాబాయి కూతురు. ఫారిన్ ఆర్డర్ల ప్యాకింగ్, లేబుళ్లు, కొరియర్ ట్రాకింగ్ అన్నీ తనే చూసేది, మీలో చాలామంది ఫోన్లో మాట్లాడింది తనతోనే. ఒక్క మాట అనకుండా ఆర్డర్ల పుస్తకం నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. దయచేసి తనకి ఫోన్ చేసి ఏమైందని అడగకండి, తన తప్పు ఇందులో ఏమీ లేదు.

కేసు ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్లకి: పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లోకి వచ్చింది, మాది అంతకుముందు కథ, పాత ఐపీసీ కిందే చూడాలి. రేప్ లాంటి పెద్ద నేరాలకి గడువు లేదు, ఏడాది నుంచి మూడేళ్ల వరకు శిక్ష ఉండే వాటికి మూడేళ్లలోపే వెళ్లాలట. లాయర్ చెప్పింది విన్నాం. వెళ్లాలా వద్దా అన్నది చెల్లి ఇష్టం, నేను తొందరపెట్టను.

ఇది చదివి మీలో ఎవరికైనా ఏదైనా కదిలితే, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల విషయమైతే 1098. నాకు మెసేజ్ పెట్టినా చదువుతాను, కానీ నేను పచ్చళ్లమ్మే మనిషిని, కౌన్సెలర్ని కాదు.

ఇక ఆర్డర్లు. ఆవకాయ, మాగాయ ఈ నెలాఖరులోగా అందరికీ పంపేస్తాం, వెల్లుల్లి లేనిది ముందు వెళ్తుంది. ఫారిన్ పార్సిళ్లు కొత్త మనిషి నేర్చుకునేదాకా ఆపాం. బంధువుల్లో కొందరు డబ్బులు వెనక్కి అడిగారు, అందరికీ వేసేశాను. ఇంకెవరైనా ఉంటే మొహమాటపడకుండా అడగండి, కారణం చెప్పక్కర్లేదు.