బాప్తిస్మపు పుస్తకాలు చెదల పాలు కాకముందే

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి మీద మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని రాశారు. ఆ సంఖ్య నిజమే. కాని వ్యాసం చదివినవాళ్లకి అంతమందినీ దొరగారే స్వయంగా నీళ్లలో ముంచి లేపారనిపిస్తుంది. ఆ రోజు ఏట్లో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరేసి చొప్పున దిగేవారు, వాళ్ల రెక్కలు అలిసిపోతే ఇంకో ఇద్దరు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండకి ఆపి, మళ్లీ సాయంత్రం దాకా. మీ వ్యాసంలో ఆ ఆరుగురి ఊసే లేదు.

ఇది మీ విలేకరి తప్పని నేననను. రాసిపెట్టిన కాగితం ఎవరిది మిగిలితే చరిత్రలో వాళ్లే మిగులుతారు. క్లౌ గారు 1910లో పోయారు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా గారు రాసిన ఆత్మకథ 1914లో అచ్చయింది. అమెరికన్ బాప్టిస్టు చరిత్ర కాగితాలను అట్లాంటాలో ఒక సంస్థ పదిలంగా కాపాడుతోంది. మరి ఇక్కడి పాస్టర్ల కాగితాలు ఎక్కడున్నాయి?

ఒక చోటు నాకు తెలుసు. మా నాయనమ్మ మంచం కింద రేకు పెట్టెలో.

మా తాతయ్య ప్రకాశం జిల్లాలో పల్లెటూళ్ల బాప్టిస్టు పాస్టరు. మూడు ఊళ్ల సంఘాలు చూసేవారు. సైకిలు మీద ఒక ఊళ్లో పొద్దుటి ఆరాధన ముగించి రెండో ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. మూడో ఊళ్లో దీపాలు పెట్టాక కూడిక. జీతమంటూ చెప్పుకోదగ్గది లేదు. సంఘస్థులు కోతలప్పుడు కొలిచి ఇచ్చిన గింజలు, ఆదివారం కానుక పెట్టెలో పడిన చిల్లర, అంతే. పురుడొచ్చినా చావొచ్చినా మొగుడూ పెళ్లాల తగువొచ్చినా మొదట కబురు అయ్యగారికే. నాయనమ్మ పగలు పిల్లలకి అక్షరాలు నేర్పేది, రాత్రి ఆడవాళ్లకి పాటలు నేర్పేది. ఆమెని ఊరంతా అమ్మగారనే పిలిచేవారు గానీ ఆమె చేసిన పనికి ఏ పద్దులోనూ లెక్క లేదు.

ఆ పెట్టెలో రెండు పుస్తకాలున్నాయి. తాతయ్యకి ముందు పనిచేసిన పాస్టరు దగ్గర్నుంచి వచ్చినవి. అట్టలు ఊడిపోయి, దారంతో కట్టి ఉన్నాయి. పేజీకి అయిదు గళ్లు: పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, బాప్తిస్మమిచ్చినవారు. ఒక పేజీలో "పోలమ్మ" అని రాసి, అదే సిరాతో పక్కన "ఇకమీదట రూతమ్మ" అని ఉంది. వయసు గడిలో "సుమారు 40". ఆఖర్న చిన్న అక్షరాలతో "ఊరు విడిచెను". ఎందుకు విడిచిందో, ఎక్కడికి పోయిందో లేదు. ఆ మూడు ముక్కలే ఆమె గురించి ఈ భూమ్మీద మిగిలిన రాత. ఆ తర్వాతి పేజీలు పన్నెండు చెదలు తినేశాయి. పన్నెండు పేజీలంటే దాదాపు మూడు వందల మంది.

బాప్టిస్టు సంఘాల్లో ఈ పుస్తకానికి ఇంకో విలువ ఉంది. పసిబిడ్డలకి బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధెరిగిన మనిషి తనంతట తాను వచ్చి, సంఘం ముందు నిలబడి, అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి. సంఘం ఒప్పుకున్నాకే నీళ్లలోకి దిగాలి. పాస్టరుని పిలుచుకోవాలన్నా వద్దనాలన్నా సభ్యులు చేతులెత్తి నిర్ణయించుకోవాలి. ఊరి మంచినీళ్ల బావి దగ్గరికి రానివ్వని మనుషులని "నీ మాటేమిటి?" అని అడిగిన చోటు అది. దేశంలో అందరికీ ఓటు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే! అందుకే ఆ పుస్తకంలోని ఒక్కో వరుసా ఒక మనిషి నోరు తెరిచి తన సంగతి తాను చెప్పుకున్నందుకు గుర్తని నేననుకుంటాను.

ఈ సంఘాలని నడిపించిన మనుషుల్లో ముందు చెప్పుకోవాల్సింది ఎర్రగుంట్ల పేరయ్యగారిని. తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవారు. క్లౌ గారు ఒంగోల్లో కాపురం పెట్టకముందే, 1866లో, నెల్లూరు మిషనరీ జ్యూయెట్ గారి చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైతే, అదే నెలలో పేరయ్యగారి ఊరి దగ్గర 28 మంది చేరారు. వాళ్లని పోగుచేసింది పేరయ్యగారే, దొరగారు వెళ్లింది ఆయన పిలిస్తేనే. భార్య నాగమ్మగారు కూడా ఆయనతో ఊళ్లు నడిచారు. డప్పు కొట్టమన్నవాళ్లు, చచ్చిన గొడ్డును లాగమన్న పెద్దలు, కాదంటే దారులూ బావులూ మూసినవాళ్లు, అందరినీ ఎదుర్కొన్నది వీళ్లూ వీళ్లలాంటి బోధకులూను. దొరగారికి కలెక్టరుతో మాట్లాడే వీలుంది. వీళ్లకి రాత్రి పడుకోవడానికి అదే పల్లె.

1876-78 కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని వేల మందికి కూలి చూపించారు. యువకుడిగా ఉన్నప్పుడు అమెరికాలో సర్వే పని చేసిన అనుభవం అక్కడ పనికొచ్చింది. ఆ పనిలో మేస్త్రీలుగా నిలబడింది మన బోధకులే. పగలు మట్టి లెక్క, రాత్రి ప్రార్థన. కూడు కోసం మతం మారారనే మాట రాకూడదని పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం పంపకం ఆపేశాకే 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. గంజి కోసం మారారని ఇప్పటికీ తేలిగ్గా అనేసేవాళ్లు ఈ పదిహేను నెలల సంగతి తెలుసుకోవాలని నా కోరిక.

ఇక నేనడిగేది. 2028 జులై 3కి వెల్లంపల్లి బాప్తిస్మాలకి నూటయాభై ఏళ్లు నిండుతాయి. అప్పుడు సభలూ శిలాఫలకాలూ ఎలాగూ ఉంటాయి. ఈలోగా పల్లె సంఘాల్లో, పాస్టర్ల ఇళ్లల్లో పడి ఉన్న పాత బాప్తిస్మపు పుస్తకాలనీ, పెళ్లి, మరణ రిజిస్టర్లనీ, డైరీలనీ స్కాన్ చేయించే పని రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్లూ, సంఘాల పెద్దలూ కలిసి మొదలుపెట్టాలి. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. కాబట్టి ఈ కాగితాలు ఒక్కచోట దొరకవు. రామాయపట్నంలో 1872 నుంచి బోధకులకి చదువు చెప్పిన సెమినరీ ఉండేది. అక్కడ చదివి వెళ్లినవాళ్ల వారసులు ఇప్పుడు ఎన్ని ఊళ్లలో ఉన్నారో! మీ పత్రిక ఒక్క ప్రకటన వేస్తే కొన్ని పెట్టెలైనా తెరుచుకుంటాయి.

ఈ మాట నాలుగేళ్ల క్రితం ఒక సంఘం పెద్దల ముందు పెట్టాను. వాళ్లు మొహాలు చూసుకుని, "పాత పేర్లు బయటపెడితే పిల్లల సర్టిఫికెట్ల మీదికొస్తుందమ్మా" అన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు. ముత్తాత బాప్తిస్మాన్ని చూపించి మునిమనవడి చదువుకి అడ్డుపడేవాళ్లు ఉండరని ఎవరు హామీ ఇవ్వగలరు? కాబట్టి వందేళ్లు దాటిన పుస్తకాలనే చూడనివ్వాలి, అవి కూడా ఆర్కైవ్స్ గదిలో, పరిశోధన కోసమే. ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. మిగిలినవి స్కాన్ చేసి, ఏ సంఘానివి ఆ సంఘానికే ఇచ్చి, తాళం వాళ్ల దగ్గరే ఉంచాలి. ఇంటివాళ్లు వద్దంటే ఆ పుస్తకం జోలికి పోకూడదు. భయపడి దాచినా పుస్తకం పోతుంది, ఎందుకంటే చెదలకి ఈ సంగతులేవీ తెలియవు. నేను అడిగిన ఆ సంఘంలోనే కిందటేడు వానలకి గోడ కూలి, బీరువాలో ఉన్నదంతా ముద్దయిపోయిందని విన్నాను.

మా దగ్గరున్న రెండు పుస్తకాలనీ తీసుకొచ్చి ఇవ్వడానికి నేను సిద్ధం. నాయనమ్మ కూడా ఒప్పుకుంది. పని అయ్యాక అసలు పుస్తకాలు వెనక్కి ఇచ్చెయ్యాలని మాత్రం గట్టిగా చెప్పింది. ఏటా తాతయ్య పోయిన రోజున వాటిని తీసి, తుడిచి, వేపాకు మార్చి మళ్లీ పెట్టెలో పెట్టుకుంటుంది.

ఇట్లు,
ఒక పాస్టరుగారి మనవరాలు,
ప్రకాశం జిల్లా