దూరాన్ని గంటల్లో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో యాత్రల పేజీని నేను వదలకుండా చదువుతాను. ఈమధ్య అందులో యాభయ్యో అరవయ్యో పుట్టినరోజుకని స్నేహితులతో విదేశానికి వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని తిరిగొచ్చినవాళ్ల అనుభవాలు తరచుగా వస్తున్నాయి. చదువుతుంటే చాలా సంతోషంగా ఉంటుంది. కానీ పది రోజులు, పదహారు ఊళ్లు అని పట్టిక ఇస్తారు, ఇక్కడి నుంచి అక్కడికి ఇన్ని కిలోమీటర్లు అంటారు, ఆ కిలోమీటర్లు ఎవరు నడిపారు, నిజంగా ఎన్ని గంటలు పట్టింది, సాయంత్రానికి ఆ మనిషి ఎలా ఉంది అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. నేనూ నా స్నేహితురాలూ అలాంటి పట్టికనే నమ్ముకుని మా ప్రయాణం ప్లాన్ చేసుకున్నాం. నెల తర్వాత దాన్ని మొత్తం చెరిపేసి మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

వచ్చే ఫిబ్రవరికి నాకు అరవై నిండుతాయి. తనకు రెండు నెలల కిందటే నిండాయి. కాలేజీ రోజుల నుంచీ ‘ఎప్పుడైనా మనిద్దరమే కారేసుకుని ఎక్కడికైనా పోవాలే’ అనుకుంటూ వచ్చాం, పెళ్లిళ్లు, పిల్లలు, ఉద్యోగాలు, పెద్దవాళ్ల జబ్బులు, ఇలా ఏదో ఒకటి అడ్డం పడుతూనే వచ్చింది. ఈసారి ఏదీ అడ్డం పడనివ్వకూడదని ఇద్దరం గట్టిగా అనుకున్నాం.

మొదట తను ఐస్‌లాండ్ అంది. ఆ దేశం చుట్టూ ఒకే రోడ్డు తిరిగి వస్తుంది, రింగ్ రోడ్, 1,300 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, 1974లో పూర్తయింది. మ్యాప్‌లో చూస్తే ఇంతకన్నా సులువైన ప్లాన్ ఉండదనిపిస్తుంది, ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వస్తాం కదా. కానీ నా పుట్టినరోజు ఫిబ్రవరిలో. అక్కడ అది మంచు, గాలి, తక్కువ పగలు ఉండే కాలం. గాలి ఎంత బలంగా ఉంటుందంటే, కారు తలుపు తీసేటప్పుడు చేత్తో గట్టిగా పట్టుకోకపోతే తలుపే విరిగిపోవచ్చు, అలా విరిగితే మామూలు ఇన్సూరెన్సులో చాలావరకు డబ్బు రాదు. పైగా అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి. మేమిద్దరం ఇన్నేళ్లూ ఎడమవైపే నడిపినవాళ్లం. అరవై ఏళ్లకు కొత్త నేర్చుకోకూడదని కాదు, కొత్త వైపు, మంచు, చీకటి మూడూ ఒకేసారి ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి అన్నాను. తనకు కొంచెం బాధ కలిగింది, రెండు రోజులు ఫోన్ చేయలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి ‘సరే, ఫిబ్రవరిలో ఎండాకాలం ఉండే దేశం నువ్వే చెప్పు’ అంది.

అలా న్యూజిలాండ్ దక్షిణ దీవి ఖాయమైంది. ఎడమవైపు డ్రైవింగ్, ఫిబ్రవరిలో వేసవి, పగలు పొడుగు. మా మొదటి ప్లానులో క్రైస్ట్‌చర్చ్‌లో విమానం దిగి, అప్పటికప్పుడే కారు తీసుకుని, మూడు గంటల్లో టెకపో సరస్సు చేరాలని రాసుకున్నాం. ఇంటి నుంచి బయలుదేరింది మొదలు లెక్కపెడితే ఆ సమయానికి మేం సరిగా నిద్రపోయి ఒక రోజు దాటి ఉంటుంది. వరసగా పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనంతో సమానమని నిద్ర మీద చేసిన పరిశోధనల్లో తేలింది. న్యూజిలాండ్‌లో పెద్దవాళ్లకు తాగి నడపడానికి చట్టం పెట్టిన హద్దు కూడా అదే. అంటే ఒక్క చుక్క ముట్టకుండానే మేం ఆ హద్దు దాటి స్టీరింగ్ పట్టుకోబోయామన్నమాట! ఇది తెలిశాక నాకు నిజంగా భయం వేసింది. దిగిన రోజు కారు ముట్టుకోకూడదు, రాత్రి నిద్రపోయి మర్నాడు తీసుకోవాలి, ఇది మా మొదటి నియమం అయింది.

రెండోది మిల్ఫర్డ్ సౌండ్ సంగతి. నిటారైన కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన చోటు అది. క్వీన్స్‌టౌన్ నుంచి పొద్దున్నే వెళ్లి, పడవ ఎక్కి, రాత్రికి వెనక్కి రావచ్చని చాలామంది రాస్తారు. దూరం 290 కిలోమీటర్ల లోపే. కానీ మ్యాపే ఒక వైపుకు దాదాపు నాలుగు గంటలు చూపిస్తుంది, అది ఎక్కడా ఆగకపోతే. ఆగకుండా ఎవరుండగలరు? చివరి 120 కిలోమీటర్లు, టె అనావ్ ఊరు దాటాక, కొండల మధ్య మలుపుల రోడ్డు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, పెట్రోల్ టె అనావ్‌లోనే నింపుకుని పోవాలి. దారిలో హోమర్ టన్నెల్ ఉంది, 1935లో తవ్వడం మొదలుపెడితే 1954లో గానీ వాహనాలకు తెరవలేదు, కిలోమీటరుకు పైగా పొడవు, లోపల రోడ్డు ఏటవాలుగా కిందికి దిగుతుంది. పోను నాలుగు, రాను నాలుగు, మధ్యలో పడవ మీద రెండు గంటలు, ఆగిన చోట్ల ఇంకో రెండు. రోజు చివర, అలసిపోయిన కళ్లతో, మలుపుల్లో ఎవరు నడపాలి? ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అందుకే కొత్త ప్లానులో టె అనావ్‌లో మూడు రాత్రులు ఉంటున్నాం, నా పుట్టినరోజు అక్కడే. మిల్ఫర్డ్‌లో ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన పడుతుంది, కాబట్టి ఆ రోజు వాన వచ్చే అవకాశం బాగానే ఉంది. వాన పడితే రాతిగోడల మీద నుంచి ఎక్కడికక్కడ కొత్త జలపాతాలు పుట్టుకొస్తాయట, కాబట్టి పడినా పరవాలేదు. మరీ కుండపోత అయితే మర్నాడు ఉంది. అలా ఒక రోజు ఖాళీగా చేతిలో ఉంచుకోవడం ఎంత ధైర్యమో ప్లాన్ చేసేటప్పుడే తెలిసింది.

టెకపో గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడి నక్షత్రాలే నా కోరిక. ఆ ప్రాంతాన్ని 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్‌గా గుర్తించారు, రాత్రి వెలుతురు తక్కువ ఉండేలా దీపాల మీద కూడా నిబంధనలున్నాయి. పుట్టినరోజు రాత్రి సరస్సు ఒడ్డున పాలపుంత కింద కూర్చోవాలనుకున్నాను. తనే ఒక రోజు క్యాలెండర్ తెచ్చి నా ముందు పెట్టి, వేలు పెట్టి చూపించింది. ఆ రాత్రి దాదాపు పున్నమి! నిండు చంద్రుడు ఉంటే మామూలు చుక్కలే సరిగా కనపడవు, ఇక పాలపుంత ఎక్కడ? ఆ సాయంత్రం మా భోజనాల బల్ల మీద పరిచిన మ్యాప్ నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పెన్సిల్‌తో గీసిన దారి మొత్తం రబ్బరుతో తుడిచి, రబ్బరు పొట్టు ఊది, తలకిందులుగా మళ్లీ గీసింది. పున్నమి దాటి వారమైతే చంద్రుడు అర్ధరాత్రి దగ్గర పడ్డాకే వస్తాడు, కాబట్టి టెకపో చివరికి పెట్టాలి. క్వీన్స్‌టౌన్‌లో మొదలు, టె అనావ్, తర్వాత వనాకా, మౌంట్ కుక్, చివర టెకపో, అక్కడి నుంచి క్రైస్ట్‌చర్చ్. ఒక ఊళ్లో తీసుకున్న కారు ఇంకో ఊళ్లో ఇచ్చేస్తే అదనంగా డబ్బు అడుగుతారు, అది ముందే అడిగి తెలుసుకున్నాం.

ఈ మార్పుకు మేం వదులుకున్నది పశ్చిమ తీరం. తనకు ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం చూడాలని చాలా ఉండేది. వనాకా నుంచి హాస్ట్ కనుమ మీదుగా అటు వెళ్తే మరో నాలుగు గంటలు, మళ్లీ ఇవతలికి రావడానికి ఇంకో రోజు. మౌంట్ కుక్ దగ్గర టాస్మన్ హిమానీనదం ఉంది, ఆ దేశంలో అన్నిటికన్నా పొడవైనది అదే, అది చూద్దాం అనుకుని సర్దుకుంది. తన కోరిక తీసేసి నా నక్షత్రాలు ఉంచుకున్నాననే బాధ నాకు ఉంది, అందుకే మిగతా ప్రయాణంలో ఎక్కడ ఎంతసేపు ఆగాలో తనే చెప్తుంది.

అసలు ఇద్దరు స్నేహితులు కలిసి బయలుదేరేటప్పుడు ఊళ్ల కన్నా ముందు మాట్లాడుకోవాల్సినవి ఇవే. రోజుకు నిజమైన నాలుగు గంటలకు మించి నడపకూడదని, రెండు గంటలకొకసారి ఆగి దిగాలని అనుకున్నాం. పక్క సీట్లో ఉన్న మనిషి ‘ఆపు’ అంటే స్టీరింగ్ దగ్గరున్న మనిషి ఎందుకని అడగకుండా ఆపాలి. రాత్రి ఎనిమిదికల్లా నాకు నిద్ర ముంచుకొస్తుంది, తనకు అప్పుడే మాటలు మొదలవుతాయి, కాబట్టి గదులు వేరు. డబ్బు చెరో ఇంత ముందే ఒక చోట వేసి అందులోంచే ఖర్చు పెడతాం, నువ్వెంత నేనెంత అని ప్రతి పూటా లెక్క తీస్తే నలభై ఏళ్ల స్నేహం కూడా చేదైపోతుంది. ఇవి అడగడానికి మొదట ఇద్దరికీ మొహమాటం వేసింది. అడిగాక ఎంత తేలికైందో చెప్పలేను.

కాగితాల విషయంలో నాకు ఒకసారి చేదు అనుభవం ఉంది. నాలుగేళ్ల కిందట మావారితో వేరే దేశం వెళ్లినప్పుడు కారు బుకింగ్, లైసెన్స్ నా పేరున, క్రెడిట్ కార్డు ఆయన పేరున ఉన్నాయి. డిపాజిట్ డ్రైవర్ సొంత కార్డు మీదే పట్టాలి, ఇది కుదరదు అన్నారు కౌంటర్లో. రెండు గంటలు నిలబడ్డాం. ఆయన్ని రెండో డ్రైవర్‌గా రాయించలేదు కూడా, దాంతో నాకు జ్వరం వచ్చిన రోజు కారు హోటల్ ముందే ఉండిపోయింది, ఎందుకంటే ఒప్పందంలో పేరు లేని మనిషి నడిపితే ఇన్సూరెన్స్ పనిచేయదు. ఈసారి ఇద్దరి పేర్లూ ఒప్పందంలో ఉంటాయి, ఇద్దరి కార్డులూ ఉంటాయి. అద్దాలు, టైర్లు, కారు అడుగుభాగం ఇన్సూరెన్సులో ఉన్నాయా, ప్రమాదం జరిగితే మన జేబులోంచి ఎంత కట్టాలి అన్నవి రాతపూర్వకంగా అడిగాం. కొన్ని కంపెనీలకు డ్రైవర్ వయసు మీద పైహద్దు కూడా ఉంటుంది, మా వయసు వాళ్లు అది తప్పకుండా చూసుకోవాలి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అంటే అదేదో కొత్త లైసెన్స్ అనుకుంటారు చాలామంది. అది మన లైసెన్సుకు అనువాదం మాత్రమే, అసలు లైసెన్స్ వెంట లేకపోతే దానికి విలువ లేదు. రోడ్డు రవాణా మీద దేశాల మధ్య కుదిరిన 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఏడాదే చెల్లుతుంది, కాబట్టి మరీ తొందరపడి తీసుకోకూడదు. 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఇంకోటి ఉంది, వెళ్లే దేశం ఏది ఒప్పుకుంటుందో చూసుకోవాలి.

ఆరోగ్యం సంగతి కూడా. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో గాయపడితే సందర్శకులకు కూడా చికిత్స ఖర్చులో సాయం చేసే ప్రభుత్వ పథకం ఉంది, కానీ జబ్బు పడితే అది వర్తించదు. నాకు బీపీ, తనకు షుగర్, కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్సు ఫారంలో మాకున్న జబ్బులన్నీ దాచకుండా రాశాం, ప్రీమియం పెరిగింది, పెరగనీ. మందులు రెండు బ్యాగుల్లో సగం సగం సర్దుతాం. ఇంకొకటి, అక్కడ విమానాశ్రయంలో తిండి పదార్థాలు, మట్టి అంటిన బూట్లు ఉంటే ఫారంలో తప్పకుండా రాయాలి, అక్కడి పంటలకు, ప్రకృతికి ముప్పు తెచ్చే అలాంటి వస్తువును రాయకుండా తెస్తే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మొన్ననే పాత టూత్ బ్రష్ పెట్టి నా వాకింగ్ షూస్ అడుగున గాడుల్లో ఎండిపోయిన మట్టి అంతా గీకి కడిగాను.

అక్కడి రోడ్ల మీద ఒకే వాహనం పట్టే వంతెనలు చాలా ఉంటాయి. గుండ్రని బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివాళ్లకు దారివ్వాలి, నీలం బోర్డు మీద మన బాణం పెద్దగా, తెల్లగా ఉంటే మనదే ముందు. ఈ రెండు బొమ్మలూ కాగితం మీద గీసి ఫ్రిజ్‌కు అంటించాను. మా మనవరాలు ఏ బాణానికి ఏం చేయాలో నాకన్నా ముందే చెప్పేస్తోంది.

మీకు నేను చేసే విన్నపం ఒక్కటే. యాత్రల పేజీలో కారు ప్రయాణం గురించి వేసేటప్పుడు ప్రతి రోజుకూ ఎన్ని గంటలు నడిపారో, ఎంతమంది నడిపారో, ఏ నెలలో వెళ్లారో రాయమని రచయితలను అడగండి. చూడలేక వదిలేసినవి కూడా రాయమనండి. ఆ నాలుగు లైన్లకు ఒక ఫోటో తీసేయాల్సి వచ్చినా పరవాలేదు, పుట్టినరోజుకని ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో, దాచుకున్న ఓపికతో బయలుదేరేవాళ్లకు ఫోటో కన్నా ఆ లెక్కే ఎక్కువ అవసరం.

మార్చిలో తిరిగొచ్చాక మా గంటల లెక్క రోజువారీగా మీకు పంపిస్తాను. మా అంచనాలు ఎక్కడ తప్పాయో అవి కూడా అందులోనే ఉంటాయి, తీసేయకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు