స్లాబుకు నీళ్లు పట్టే పని ఎవరిది?

ఎడిటర్ గారికి నమస్కారం.

వానలు రాకముందే స్లాబు వేసేయాలని ఇల్లు కట్టుకునేవాళ్లు తొందరపడే రోజులివి. మేమూ అలాగే తొందరపడ్డాం.

మా కింది అంతస్తు స్లాబు పని పొద్దున పదింటికి మొదలై మూడింటికి ముగిసింది. కాంక్రీటు బిగుసుకుపోతోందని మధ్యలో బకెట్లతో నీళ్లు కలిపారు. నేను చూస్తూనే ఊరుకున్నాను. సాయంత్రం పైకెక్కి చూస్తే అక్కడక్కడా జానెడు, మూరెడు సన్నటి బీటలు. "రేపట్నుంచి నీళ్లు కొడితే అవే సర్దుకుంటాయమ్మా" అన్నాడు మేస్త్రి. సర్దుకోలేదు. మొదటి వానకే పడగ్గదిలో చెమ్మ దిగింది.

పచ్చి కాంక్రీటులోంచి పైకి తేలే నీటికన్నా ఎండా గాలీ లాగేసేది ఎక్కువైతే, గట్టిపడకముందే పైపొర ముడుచుకుని చీలుతుంది. అసలు గండం ఆ మధ్యాహ్నమే. అప్పుడే అందరూ పనైపోయిందని వెళ్లిపోతారు!

పై అంతస్తుకు తెల్లవారుజామునే మొదలుపెట్టించాను. కాంక్రీటు పోసే సెంట్రింగ్ రేకులు ముందే తడిపించాను. నునుపు చేసిన మేరకల్లా ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాం. మర్నాడు ఇసుక, సిమెంటుతో గట్లు కట్టి, చిన్న మడుల్లా చేసి నీళ్లు నిలబెట్టాం. స్తంభాలకు నీళ్లు నిలవవు కాబట్టి గోనెపట్టాలు చుట్టి తడుపుతూ వచ్చాం.

రెండుపూటలా పైపుతో తడిపితే చాలదా అని మా ఇంట్లోనే అడిగారు. మండుటెండలో ఆ తడి ఎంతసేపు ఉంటుంది? సిమెంటు ఎండి గట్టిపడదు, నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. తడి ఆరిపోతే ఆ పని ఆగిపోతుంది. కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి, పొడి వాతావరణంలో 10 రోజులు తడి ఉండాలి. పీపీసీ లాంటి, బూడిద వగైరా కలిపిన మిశ్రమ సిమెంటుకైతే 14 రోజుల దాకా పొడిగించమంటుంది. మేం వాడింది పీపీసీ, 14 రోజులూ నీళ్లు ఇంకనివ్వలేదు.

మొదటిసారి మా ఒప్పందంలో సెంట్రింగ్, కడ్డీ పని, పోత అన్నీ ఉన్నాయి, నీళ్లు పట్టడం మాత్రం లేదు. అది మా పని అని కాంట్రాక్టరు అనుకున్నాడు, ఆయన పని అని మేం అనుకున్నాం. రెండోసారి ఎన్ని రోజులు, ఎవరు అన్నది రాయించాకే అడ్వాన్సు ఇచ్చాను.

మీ ఇంటి పేజీలో టైల్స్ గురించి, రంగుల గురించి తరచూ వేస్తారు. ఎండాకాలం మొదట్లో ఒక్కసారి దీని గురించి కూడా వేయండి.

ఇట్లు,
ఒక గృహిణి