పూల మొక్కలు నాటితే సరిపోదు

సంపాదకుల వారికి,

తేనెటీగల్ని కాపాడుకోవడానికి ఇంటింటా పూల మొక్కలు పెంచాలని ఈమధ్య అందరూ అంటున్నారు. మంచిదే. కానీ పూల మీద వాలే ప్రాణులన్నిటికీ పూలొక్కటే చాలవు.

స్కాట్లాండ్‌లోని పైన్ హోవర్‌ఫ్లై సంగతే తీసుకోండి. ఇది ఈగే గానీ చూడ్డానికి తేనెటీగలా ఉంటుంది. కుట్టదు. ఎదిగిన ఈగ పూల మకరందంతో బతుకుతుంది. పిల్లపురుగు మాత్రం పెరిగేది పాత పైన్ చెట్ల మొద్దుల్లో. శిలీంధ్రం పట్టి మొద్దు లోపలి చేవ కుళ్ళిపోయి గుంట పడాలి, ఆ గుంటలో వాననీళ్ళు నిలవాలి. ఆ కుళ్ళులోని బాక్టీరియాయే దానికి తిండి. సన్న చెట్టు మొద్దు పనికిరాదు. ముదురు చెట్లు, కుళ్ళిన మొద్దులు తగ్గిపోయేసరికి బ్రిటన్‌లో ఈ ఈగ కెయిర్న్‌గార్మ్స్ ప్రాంతంలోని చిన్న అడవి ముక్కకే పరిమితమైపోయింది. ఇప్పుడు అక్కడి హైలాండ్ వైల్డ్‌లైఫ్ పార్క్ అనే జంతుప్రదర్శనశాలలో పిల్లపురుగుల్ని పెంచి, కొన్నేళ్ళుగా అడవిలో వదులుతున్నారు. రంపంతో మొద్దులకు గుంటలు తొలిచి, రంపపు పొట్టూ నీళ్ళూ నింపి ఇళ్ళు తయారు చేస్తున్నారు. పులి కోసం కాదండీ, ఈగ కోసం!

మనకూ ఈ కుటుంబానికి చెందిన ఈగలున్నాయి. వ్యవసాయం తెలిసినవాళ్ళు సిర్ఫిడ్ ఈగలంటారు. వీటిలో చాలావాటి పిల్లపురుగులు మొక్కల రసం పీల్చే పేనుబంకను తిని బతుకుతాయి. అక్షింతల పురుగును మిత్రపురుగని గుర్తుపట్టే రైతు కూడా, కాళ్ళు లేకుండా ఆకు మీద పాకే ఈ పిల్లపురుగును చూసి చీడే అనుకుంటే ఆశ్చర్యం లేదు. పేనుబంక కనపడగానే మందు కొడితే దాంతోపాటు ఇదీ పోతుంది. రైతులకు పొలంలోనే పాఠాలు చెప్పే పొలంబడిలో ఈ పిల్లపురుగును ఆకు మీదే చూపించాలి. ఫొటో చాలదు.

ఇక చెట్ల విషయం. గాలివానకు రోడ్డు మీద పడినవాటిని వెంటనే తీయాల్సిందే, అందులో వాదన లేదు. పార్కులో ఎవరికీ అడ్డురాని మూలన ఉన్న మొద్దును కూడా శుభ్రత పేరుతో పెకలించడం దేనికి? మున్సిపాలిటీలు, అటవీశాఖ అలాంటివి కొన్నయినా వదిలేయాలి. వాటిలో ఏయే పురుగులు పెరుగుతున్నాయో వ్యవసాయ విశ్వవిద్యాలయాల విద్యార్థుల చేత నమోదు చేయించాలి. ఈ వర్షాకాలంలోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం