మంత్రి గారూ, ఆ రసీదు పేజీలో ఒక్క డౌన్‌లోడ్ బటన్ పెట్టించండి

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారాలు.

ముమ్మిడివరం దగ్గర ఒక చిన్న ఊళ్లో పదకొండేళ్లుగా నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. మీ శాఖ పోర్టల్ గురించి ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. రెండు ఆన్‌లైన్‌లో, ఒకటి స్వయంగా వెళ్లి లైన్లో నిలబడి. మూడింటికీ ఒకటే మెసేజ్ వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడినది’. ఎవరూ ఫోన్ చేసి అడగలేదు, ఎవరూ ఆ పేజీ తెరిచి చూడలేదు. అందుకే ఇలా నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను.

దరఖాస్తు పూర్తయ్యాక వచ్చే రసీదు పేజీలో ‘ప్రింట్’ బటన్ ఒక్కటే ఉంది. రెండో దశలో అదే రసీదును పీడీఎఫ్ చేసి అప్‌లోడ్ చేయమంటారు. మీ సర్వర్లో ఉన్న కాగితాన్నే మా చేత తీయించి మళ్లీ మీకే ఇమ్మంటున్నారు. పోనీ క్రోమ్‌లో అయితే ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఉంటుంది, ఒక్క నిమిషం పని. మీ పోర్టల్ క్రోమ్‌లో నడవదు. ఎడ్జ్ బ్రౌజర్‌లో ఐఈ మోడ్ పెట్టాలి, అంటే దాన్ని పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా నడిపించాలి. అసలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో ఆపేసింది. ఆ మోడ్‌లో కంప్యూటర్‌లో ఉన్న ప్రింటర్ల లిస్టు మాత్రమే వస్తుంది. అందులో ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ వెతికి పట్టుకోవాలి. అది పేరుకే ప్రింటర్, కాగితం బదులు పీడీఎఫ్ ఫైలు ఇస్తుంది. మా పని మొత్తం ఆ లేని ప్రింటర్ మీద నడుస్తోంది.

మొన్న వరద తీసిన వారానికి గోదావరి లంక నుంచి ఒక పెద్దాయన పడవ దాటి వచ్చారు. పంచె మోకాళ్ల దాకా తడి. ఆధార్, పాస్‌బుక్కు పాలిథిన్ సంచిలో చుట్టి చొక్కా లోపల పెట్టుకొచ్చారు. దరఖాస్తు నింపాను, ప్రింట్ కొట్టాను. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాను. ఫైలు పేరు అడిగే బాక్సు బ్రౌజర్ వెనకాల దాక్కుని ఉంటే ముందు ఎలా కనిపిస్తుంది? అది చూసుకునేలోపు సెషన్ అయిపోయి లాగిన్ పేజీ వచ్చింది. మళ్లీ మొదటి నుంచి మొదలు. ఈసారి ఫైలు సేవ్ అయింది, తెరిస్తే 0 కేబీ. పాత ప్రింట్లు క్యూలో ఇరుక్కుపోయి ఉన్నాయి. ప్రింట్లను వరుసలో పెట్టే స్పూలర్ సర్వీసు ఆపి, సిస్టమ్32లో స్పూల్, దాని లోపల ప్రింటర్స్ ఫోల్డరు ఖాళీ చేసి, సర్వీసు మళ్లీ ఆన్ చేశాను.

“అయిందా అమ్మాయ్?” అని పెద్దాయన అడుగుతూనే ఉన్నారు. “ఇంకొక్క నిమిషం బాబాయ్ గారూ” అని నేను అంటూనే ఉన్నాను.

చివరికి పీడీఎఫ్ వచ్చింది, కానీ రెండు పేజీలుగా వచ్చింది. ఆ కంప్యూటర్లో విండోస్ కొత్తగా వేయించాను. రీజియన్ అమెరికా అని ఉండటంతో పేపర్ సైజు అక్కడ వాడే ‘లెటర్’ పడింది. లెటర్ పొడవు 279 మిల్లీమీటర్లు, ఏ4 పొడవు 297. ఆ 18 మిల్లీమీటర్ల తేడాకి అడుగున ఉండే దరఖాస్తు నంబరు ఒక్కటే రెండో పేజీలోకి జారిపోయింది. మీ పోర్టల్ ఒక్క పేజీ ఫైలే తీసుకుంటుంది. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఏ4 మార్చి వచ్చేసరికి సెషన్ మళ్లీ పోయింది. ఆఖరి పడవ వేళయిందని ఆయన లేచి వెళ్లిపోయారు. పక్కరోజు మళ్లీ వచ్చారు. ఒక రోజు కూలీ, రెండుసార్లు పడవ ఖర్చు ఆయనకి ఎవరిస్తారండీ?

మీ పోర్టల్లో పెట్టిన యూజర్ మాన్యువల్ చూడండి. విండోస్ 7 బొమ్మలతో ఉంది. దానికి సపోర్ట్ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. అందులో ‘ఏదైనా ఉచిత పీడీఎఫ్ ప్రింటర్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అని రాసి ఉంది. విండోస్ 10 వచ్చినప్పటి నుంచి, అంటే 2015 నుంచి, ఆ ప్రింటర్ విండోస్‌లోనే ఉంది. లిస్టులో కనిపించకపోతే ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’లో టిక్ తీసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ టిక్ పెడితే సరిపోతుంది. మీ మాన్యువల్ చదివి మా ఊరి పిల్లలు ఎక్కడెక్కడి సైట్లలోనో దొరికిన సాఫ్ట్‌వేర్ వేసుకుంటున్నారు. దాంతోపాటు వచ్చిన చెత్తంతా తీసేయమని కంప్యూటర్లు నా దగ్గరికే తెస్తున్నారు.

ధ్రువపత్రాల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. అధికారి డిజిటల్ సంతకం చేసిన పత్రానికి కూడా మీరు ప్రింట్ బటన్ ఒక్కటే ఇచ్చారు. దాన్ని పీడీఎఫ్ ప్రింటర్‌కి పంపితే కొత్త ఫైలు తయారవుతుంది. సంతకం బొమ్మ మిగులుతుంది, కంప్యూటర్ సరిచూసుకునే అసలు సంతకం పోతుంది. ఆ ఫైలు అప్‌లోడ్ చేస్తే ‘సంతకం చెల్లదు’ అని మీ వాళ్లే తిప్పి పంపుతారు. రైతు వచ్చి నన్ను అడుగుతాడు. నా చేతకానితనం అనుకుంటాడు.

నేను నా సెంటర్ గోడ మీద కాగితం అంటించాను: బాక్సు కనిపించకపోతే ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కండి, ప్రింట్ రెండోసారి కొట్టొద్దు, ముందు ఏ4 చూసుకోండి. చుట్టుపక్కల నాలుగు సెంటర్ల వాళ్లు దాన్ని ఫొటో తీసుకుని వెళ్లారు. ఆ పని మీ శాఖ చేయాల్సింది కదా.

దయచేసి డౌన్‌లోడ్ బటన్ పెట్టించండి. సంతకం ఉన్న అసలు ఫైలే రైతు చేతికి వచ్చేలా చూడండి. అది అయ్యేదాకా కనీసం ఆ మాన్యువల్ మార్పించి తెలుగులో పెట్టించండి. రెండు పేజీలు వచ్చిందని, సంతకం పోయిందని దరఖాస్తులు తిప్పి పంపడం ఆపించండి. బటన్ ఒక్కటి పెడితే మిగతా వాటితో పనే ఉండదు.

ఆ పెద్దాయన దరఖాస్తు సంతకం దగ్గర ఆగి మళ్లీ వెనక్కి వచ్చింది. కాగితాలు నా సొరుగులోనే ఉన్నాయి. శుక్రవారం వస్తానన్నారు.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకురాలు,
ముమ్మిడివరం మండలం, కోనసీమ