మత్తడి ఎరిగినవారిని అడగండి

సంపాదకుల వారికి,

అయ్యా,

2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడినప్పటి నుంచి నగరంలోని చెరువుల హద్దుల గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నాం, సంతోషం. అయితే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండా నిండినప్పుడు నీరు చేరే హద్దు) ఎక్కడ పడాలన్న వాదనలో ఉపగ్రహ చిత్రాలూ రెవెన్యూ పటాలూ కోర్టు కాగితాలే తప్ప, చెరువును తరతరాలుగా కనిపెట్టుకుని ఉన్న నీరటివాళ్ల మాట, అందులో వల వేసి బతికిన గంగపుత్రుల, ముదిరాజుల మాట ఎక్కడా వినబడటం లేదు.

మా తాతగారి ఊళ్లో నీరటి ముసురు పట్టిన రాత్రుళ్లు లాంతరు పట్టుకుని కట్ట పొడవునా తిరిగేవాడు. కట్ట వెలుపల ఎండ్రకాయలు తవ్విన బొరియల దగ్గర ఊట కనబడితే వంగి దోసిట పట్టి చూసేవాడు. తేటగా ఉంటే ఫరవాలేదు, మట్టి రంగు తిరిగితే కట్ట లోలోపల కోసుకుపోతున్నట్టే. ఆ రాత్రే ఊరిని లేపేవాడు. ఏ మడికి ఎన్నాళ్లకు తడి అందాలో, తూము ఎప్పుడు తీయాలో కూడా అతనే చెప్పేవాడు. అందుకు అతనికి కల్లం దగ్గర ధాన్యం కొలిచేవారు. (మా నాయనమ్మ అతనికి పెట్టకుండా కొత్త బియ్యం వండేది కాదు.)

2020 అక్టోబరు వానలకు బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. ఒకదాని కింద ఒకటిగా ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండి మత్తడి (అదనపు నీరు పొర్లిపోయే చోటు) దుంకితే ఆ నీరు కాలువ పట్టి కింది చెరువుకు చేరాలి. ఆ దారిని ఇళ్లు మూసేస్తే వాన తగ్గినా ముంపు తగ్గదు. మా కాలనీ చెరువుకు రెయిలింగు, నడక బాట, రంగు దీపాలు వచ్చాయి గానీ, మత్తడి ముందున్న కాలువ మీద సిమెంటు పలకలు పరిచి ఊరుకున్నారు. అది చెరువు అవుతుందా, నీళ్ల తొట్టి అవుతుందా?

హద్దులు తేల్చే ప్రతిచోటా ఆ చెరువు కింద బతికిన కుటుంబాల పెద్దలను కట్ట మీద నడిపించి, పాత మత్తడి ఎక్కడ, శిఖం (చెరువు నీరు పరుచుకునే నేల) ఎంతవరకు, నీరు ఏ దారిన పోయేదో వారి నోట నమోదు చేయాలని, ప్రతి చెరువుకూ జీతంతో ఒక నీరటిని నియమించాలని, ఆ కుటుంబాల్లో ఇంకా కట్ట ఎక్కగల పెద్దలు ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఉప్పల్, హైదరాబాద్