చిన్నీకి నాన్న ఉత్తరం

చిన్నీ,

ఒంట్లో బాగుందా? నీ ఫోన్ లేక చాలా రోజులైంది. పనిలో ఉంటావులే, నాకేం కంగారు లేదు. మీ అమ్మ మాత్రం పూజగదిలోకి కూడా ఫోను పట్టుకెళ్తోంది.

సరళత్త వాళ్ళ బాబీ కలకత్తా వచ్చినప్పుడు విక్టోరియా మెమోరియల్ దగ్గర నిన్ను చూశాడట. పక్కన ఇంకెవరో ఉన్నారట. ఉంటే ఉన్నారు, అంత పెద్ద తోటకి ఒక్కదానివే ఎందుకు వెళ్తావు! అన్నట్టు, దాని నమూనా విలియం ఎమర్సన్‌ది గానీ దగ్గరుండి కట్టించింది విన్సెంట్ ఎష్. మన కాచిగూడ స్టేషన్ కట్టిన ఎష్షే. అది 1916 నాటిది. ఇన్నేళ్ళూ అక్కడే రైలెక్కాను, ఒక్కనాడూ తలెత్తి ఆ గుమ్మటాలు చూడలేదు. రిటైరయ్యాక ఇప్పుడు ఆయన కట్టడాలన్నీ తిరుగుతున్నా.

మొన్న హైకోర్టుకి వెళ్ళాను. గేటు దగ్గర కానిస్టేబుల్ "ఏం కేసు, పెద్దాయనా?" అన్నాడు. కేసు లేదు, బిల్డింగ్ చూద్దామని వచ్చానంటే అనుమానం వచ్చి సంచీ అంతా విప్పించాడు. గొడుగు, బీపీ మాత్రలు, పులిహోర డబ్బా. డబ్బా మూత కూడా తీయించాడు. ఇంతలో ఒక లాయరు వచ్చి "భూమి తగాదానా? నాతో రండి" అని చెయ్యి పట్టుకున్నాడు. కాదు మొర్రో అన్నా వినడే! తోడబుట్టినవాళ్ళ మీద కేసంటే మొదట్లో అందరూ ఇలాగే సిగ్గుపడతారట. వదిలించుకుని నయాపూల్ మీదికెళ్ళి నిలబడ్డాను. మూసీకి ఆ ఒడ్డున హైకోర్టు ఎర్రటి తోరణాలు, ఈ ఒడ్డున 1925లో పూర్తయిన ఉస్మానియా ఆసుపత్రి. 2020లో వాన నీళ్ళు వార్డుల్లోకొచ్చాక ఆ పాత భవనం ఖాళీ చేయించారు. గుమ్మటాల పక్కన మొక్కలు మొలిచాయి, పీకే దిక్కు లేదు.

నమూనా గీయడం ఒక ఎత్తు, ఎండలో నిలబడి రాయీ రాయీ చూసి పేర్పించడం ఇంకో ఎత్తు. మనుషుల్లోనూ అంతే. కబుర్లతో మేడలు కట్టేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. నీకు జ్వరమొస్తే మందుల షాపుకి పరిగెత్తేవాడా కాదా అన్నది చూసుకోవాలి. నేనెవర్నీ ఉద్దేశించి అనట్లేదు. ఉద్యోగం ఏం చేస్తాడో కూడా బాబీ చెప్పలేదు.

నీళ్ళు కాచి తాగు. రాత్రిళ్ళు తలస్నానం చెయ్యకు. కందిపొడి, గోంగూర పచ్చడి పార్సిల్ చేస్తున్నాం. ఇద్దరికి సరిపడా పంపాలా అని మీ అమ్మ అడగమంది. ఆ అబ్బాయి కారం తింటాడో లేదో అది కూడా రాయి.

నాన్న